దమ్ముకు పీల్చే మందులు: చరిత్ర, మేలు, కీడు

ఉబ్బసానికి ఉమ్మెత్త పొగను నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పీల్చే పద్ధతిని బ్రిటిష్ వైద్యం మద్రాసు నుంచి నేర్చుకుంది. అక్కడ ఫిజీషియన్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ ఆండర్సన్ దమ్ముకు ఉమ్మెత్త పొగ పట్టించేవాడు. 1802లో జనరల్ జెంట్ ఆ పద్ధతిని బ్రిటన్‌కు తీసుకెళ్లాడు. తర్వాత ఉమ్మెత్త సిగరెట్లు యూరప్ అంతటా అమ్ముడుపోయాయి. ఆ పొగ ఊపిరి గొట్టాలను వదులు చేసేది, కానీ నోరు ఎండేది, చూపు మసకబారేది, మోతాదు మించితే మతి చలించేది. నేటి ఇప్రాట్రోపియం, టయోట్రోపియం ఆ కోవ మందులే. అయితే అవి రక్తంలోకి చాలా తక్కువగా చేరతాయి.

1956లో అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్, నొక్కిన ప్రతిసారీ ఒకే కొలతలో మందు చిమ్మే ఇన్‌హేలర్‌ను తెచ్చింది. తొలి మందుల్లో ఒకటైన ఐసోప్రెనలిన్ ఊపిరి గొట్టాలతోపాటు గుండెనూ ఉద్రేకపరిచేది. 1960లలో ఇంగ్లండ్, వేల్స్‌లలో, ముఖ్యంగా పిల్లల్లో, యువతలో ఆస్తమా మరణాలు పెరిగాయి. మామూలు కంటే ఐదు రెట్ల గాఢత గల ఐసోప్రెనలిన్ వాడకంతో ఆ పెరుగుదల ముడిపడి కనిపించింది. హెచ్చరికలు వచ్చాక మరణాలు తగ్గాయి. 1976 తర్వాత న్యూజిలాండ్‌లో ఫెనోటెరాల్ విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది.

ఇలాంటి మందులతో ఇంకో ప్రమాదమూ ఉంది: అవి ఉపశమనం ఇస్తుంటే రోగి ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లవచ్చు. ఈలోపు గొట్టాల లోపలి వాపు అలాగే ఉంటుంది. 1969లో వచ్చిన సాల్బుటమాల్ గుండెపై భారం తగ్గించింది కానీ, వాపును తగ్గించలేదు. ఆ పని చేసే స్టెరాయిడ్ బెక్లోమెథాసోన్ 1972లో ఇన్‌హేలర్‌గా వచ్చింది. అసలు మలుపు అదే. కెనడాలోని సస్కాచెవాన్ రోగుల మీద 2000లో ప్రచురితమైన పరిశోధనలో, ఏడాదిలో వాడిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు ఒక్కొక్కటి పెరిగే కొద్దీ మరణాల రేటు 21 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఉపశమనమిచ్చే మందుకూ, వాపు తగ్గించే మందుకూ ఉన్న ఈ తేడా తెలియడం మరీ ముఖ్యం. తంబాకు దుమ్ములో బీడీలు చుట్టే ఆడవాళ్లు, మరమగ్గాల దగ్గర నూలు పీచు పీల్చే నేతకారులు, ధాన్యం తూర్పారబట్టే రైతుల్లో ఆస్తమా ఉన్నవారికి ఆ దుమ్మే దమ్మును రేపుతుంది. ఇంత అవసరం ఉన్నచోట కూడా ‘పంపు (ఇన్‌హేలర్) పడితే ఇక విడవదు’ అన్న భయంతో చాలామంది గోలీలకు, సూదులకు మళ్లుతారు. ఇది తలకిందుల లెక్క. ఒక్క పఫ్‌లో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములే, గోలీలో 2 లేదా 4 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 40 రెట్లు ఎక్కువ. చేతి వణుకు, గుండెదడ గోలీతోనే ఎక్కువ. స్టెరాయిడ్ గోలీలు నెలల తరబడి వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంటిలో శుక్లాలు రావచ్చు.

పీల్చే స్టెరాయిడ్‌కూ కీడు ఉంది: నోట్లో తెల్లని పూత, గొంతు బొంగురు. మందు పీల్చగానే నోరు పుక్కిలించి ఉమ్మడం, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టం వాడడం వీటిని చాలావరకు అరికడతాయి. పిల్లల్లో ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. అదుపులేని ఆస్తమా వల్ల బడి పోవడం, ఊపిరి దెబ్బతినడం, ప్రాణం మీదికి రావడంతో పోలిస్తే అది చిన్న నష్టం. ఆస్తమాకని మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప మందుకు వేలమంది వెళ్తారు. దాని మేలు శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. నమ్మకంతో వెళ్లినవారు కూడా ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు.

2019లో అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శక సంస్థ గినా, పెద్దలకు, 12 ఏళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడం సరికాదని ప్రకటించింది. ఉపశమనానికీ స్టెరాయిడ్ బుడెసొనైడ్, గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను సిఫారసు చేసింది. ఆ జంట మన దేశ అత్యవసర మందుల జాతీయ జాబితాలోనూ ఉంది. బీడీ కార్మికులున్న ప్రతి మండలంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో అది నిల్వ ఉండాలి, దాన్ని సరిగ్గా పీల్చడం చేసి చూపించే మనిషీ ఉండాలి.