గాజుబల్లకి ముసుగెందుకు?

మా ఇంట్లో నెల రోజులుగా ఓ ప్రచ్ఛన్న యుద్ధం నడిచింది. విషయం చిన్నదే. కొత్తగా కొన్న గాజు డైనింగ్ టేబుల్‌ని ఎలా అలంకరించాలి?

అమ్మ ఊరి నుంచి రాగానే దాని మీద పూలపూల ప్లాస్టిక్ షీటు పరిచేసింది. మా ఆవిడ ఆ షీటు తీసేసి మధ్యలో ఓ గాజు కూజా, అందులో రంగురాళ్లు, పక్కన ప్లాస్టిక్ పళ్లు పెట్టింది. నేనేమో రెండూ వద్దు, గాజుని గాజులా ఉండనివ్వండి అన్నాను.

"వేడి గిన్నె పెడితే ఠప్పున పగుల్తుందిరా, పిల్లాడు అక్కడే కూర్చుంటాడు" అని అమ్మ.

"ఇది టఫెండ్ గ్లాసమ్మా, ఏమీ కాదు" అని నేను. కొట్టువాడు చెప్పిన ముక్కే గట్టిగా అప్పజెప్పాను.

వాదనలో గెలవాలంటే సరుకు కావాలి కదా! అందుకని గాజు చరిత్ర తిరగేశాను. (ఆఫీసు డాక్యుమెంటేషన్ అంటే నిద్రొస్తుంది గానీ, ఇలాంటివాటికి రాత్రి రెండింటిదాకా మెలకువే :-))

మనిషికి గాజు వేల ఏళ్లుగా తెలుసు. కానీ బల్లంత పెద్దగా, చదునుగా, అవతలివి వంకర లేకుండా కనిపించే పలక చెయ్యడం చాలాకాలం చేతకాలేదు. గొట్టంతో బుడగలా ఊది, దాన్ని పొడుగ్గా సాగదీసి, నిలువునా కోసి, మళ్లీ వేడిచేసి పరిచేవాళ్లు. ఊపిరి ఎంతో పలక అంతే!

1291లో వెనిస్ పాలకులు అగ్నిప్రమాదాల భయంతో గాజు కొలుముల్ని మురానో దీవికి తరలించారు. తర్వాత చాలాకాలం మంచి అద్దం అంటే వెనిస్ వాళ్లదే. ఆ దిగుమతులకి డబ్బు పోయలేక ఫ్రాన్స్‌లో 14వ లూయీ మంత్రి కోల్బేర్ 1665లో సొంత కర్మాగారం పెట్టించాడు. మనకి తెలిసిన సెయింట్ గోబెయిన్ అదే. వెర్సాయ్‌లోని అద్దాల మహలులో 17 కమానులు, ఒక్కోదాంట్లో 21 ముక్కలు, మొత్తం 357 అద్దాలు. అంతటి రాజుకీ నిలువెత్తు పలక ఒక్కటి దొరకలేదన్నమాట.

1680ల చివర్లో అదే ఫ్రాన్స్‌లో కరిగిన గాజుని లోహపు బల్ల మీద పోసి, పైన రోలరుతో చపాతీలా ఒత్తడం మొదలైంది. చూడండి, గాజుబల్లకి ముందు గాజు తయారయ్యిందే బల్ల మీద! కానీ అలా ఒత్తిన పలక మసకగా ఉంటుంది. రెండువైపులా ఇసుకతో అరగదీసి మెరుగు పెట్టాలి. యంత్రాలొచ్చినా ఈ అరగదీత మాత్రం 20వ శతాబ్దం దాకా తప్పలేదు. అందుకే పెద్ద పలక డబ్బున్నవాళ్ల సరుకుగానే ఉండిపోయింది.

ఈ పీడ వదిలించింది ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ. అక్కడి ఇంజనీరు అలిస్టర్ పిల్కింగ్టన్‌కి (ఇంటిపేరు అదే గానీ యజమానుల కుటుంబం మనిషి కాదు) 1952లో ఓ ఆలోచన వచ్చింది. కరిగిన తగరం మీద కరిగిన గాజుని పోస్తే? నీళ్ల మీద నూనెలా తేలుతుంది, తనంతట తనే చదునవుతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, 600 డిగ్రీల దగ్గర గాజు గట్టిపడి బయటికొచ్చేటప్పుడు కూడా కింద తగరం ద్రవంగానే ఉంటుంది. అరగదీసే పనే లేదు. వినడానికి సులువే. ఏడేళ్లు పట్టింది, సుమారు 70 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. ప్లాంటు పెట్టాక కూడా ఏడాది పైగా అమ్మడానికి పనికిరాని గాజే వచ్చింది. అయినా ఆపలేదు, 1959లో ప్రపంచానికి ప్రకటించారు. మన దగ్గర రెండు రిలీజులు తప్పితే ప్రాజెక్టే మూసేస్తారు! 2000లో చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో సెయింట్ గోబెయిన్ మొదలెట్టింది కూడా ఈ ఫ్లోట్ పద్ధతి ప్లాంటే.

ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడింది పలక కనపడకుండా చెయ్యడానికి. గాజుబల్లలు గీసిన పెద్దలు ఈ సంగతి గ్రహించారు. మన చండీగఢ్‌కి రూపమిచ్చిన లె కార్బూజియే, షార్లెట్ పెరియాన్, పియేర్ జానరే కలిసి 1929లో పారిస్ ప్రదర్శనలో పెట్టిన బల్లకి ఉక్కు కాళ్లు, పైన గాజు. నొగూచి బల్లకి (1947 నుంచి హెర్మన్ మిల్లర్ అమ్మింది) రెండు వంపు చెక్కముక్కలే కాళ్లు. రెండింటికీ కాళ్లే అలంకారం, గాజు వాటిని చూపిస్తుందంతే. ఇక షీటు పరవడం ఏమిటి?

ఈ ఉపన్యాసమంతా అమ్మకి ఇచ్చాను. ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది: "అంతా బానే ఉంది నాన్నా. మరి ఇది ఆ గట్టి గాజే అని నీకెలా తెలుసు?"

తెలీదు. కొట్టువాడి మాట తప్ప.

1870ల్లో ఫ్రాన్స్‌లో ద లా బాస్తీ అనే ఆయన వేడి గాజుని నూనెలో ముంచి గట్టిపరిచాడు. ఇప్పుడు 600 డిగ్రీలు దాటించి గాలి కొడతారు. పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలిది తర్వాత ముడుచుకుంటూ దాన్ని నొక్కిపడుతుంది. ఆ ఒత్తిడే బలం. మామూలు గాజు సుమారు 40 డిగ్రీల తేడా తట్టుకుంటే ఇది 200 దాకా తట్టుకుంటుంది. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న పలుకులవుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల గాజు మీద మరిగే సాంబారు గిన్నె పెడితే తేడా 75. లెక్క మీరే చూసుకోండి.

ఆ ఒత్తిడిని కంటితో చూడొచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్ల పేజీ తెరిచి బల్ల కింద పెట్టాను. పైనుంచి పోలరైజ్డ్ చలవద్దాలతో చూస్తూ, తెర నల్లబడేదాకా తల తిప్పాను. టఫెండ్ అయితే ఆ నలుపులో మచ్చలో చారలో మెరవాలి. ఏమీ లేవు. నల్లగా, ప్రశాంతంగా ఉంది. మూలల్లో ముద్ర కూడా లేదు. కొట్టుకి ఫోన్ చేస్తే "ఆ రేటుకి టఫెండ్ ఎలా వస్తుంది సార్?" అన్నాడు.

నెల రోజులు మావాడి మోచేతుల కింద ఉన్నది మామూలు గాజు. చరిత్రంతా చదివాను గానీ, నా బల్ల మూల ఒక్కసారి చూడలేదు. అమ్మది చాదస్తం అనుకున్నాను, అది అనుభవం.

గట్టిపరిచాక కొయ్యడం కుదరదు కాబట్టి కొలత ఇచ్చి, అంచులు గుండ్రం చేయించి కొత్త పలక తెప్పించాం. ఇప్పుడు దాని మీద షీటు లేదు, ప్లాస్టిక్ పళ్లు లేవు. నడిమధ్య మా ఆవిడ పరిచిన సన్నటి పెడన కలంకారీ గుడ్డ, ఇత్తడి గిన్నెలో నీళ్లు, నాలుగు చామంతులు. వేడి గిన్నెలకి అమ్మే దారి చూపించింది: ఊరి నుంచి తెచ్చుకున్న పాత చెక్కపీట కింద ఫెల్టు ముక్కలు అతికించి బల్ల మీద పెట్టింది. ఇంట్లో అందరికీ నచ్చింది అదే.

మీ ఇంట్లో గాజుబల్ల ఉంటే అలంకారం సంగతి తర్వాత. ముందు చలవద్దాలు పెట్టుకుని ఒకసారి చూడండి.