కప్పు మీది డిష్‌కి ఎన్ని వాట్లు?

టెక్సాస్‌లో ఊరికి దూరంగా ఇల్లు కట్టుకున్నాక తెలిసింది, మా రోడ్డుకి కేబుల్ ఇంటర్నెట్ లేదని. మూడు మైళ్ళ అవతలి టవర్ నుంచి రేడియో ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్థానిక కంపెనీవాళ్ళు కప్పు మీద చిన్న డిష్ బిగించి వెళ్ళారు. చలికాలమంతా బాగానే నడిచింది. ఏప్రిల్ వచ్చేసరికి మావారి ఆఫీసు మీటింగులు మధ్యలో తెగిపోవడం మొదలైంది. మాకు తెలిసిన అన్నయ్యగారొకరు "సెట్టింగుల్లో దేశం పేరు మార్చెయ్యమ్మా, పవర్ పెరుగుతుంది" అన్నారు. మావారు లాప్‌టాప్ తెరిచారు కూడా. బీఎస్సీలో ఫిజిక్స్ చదివిన పాపానికి నేను అడ్డుపడ్డాను.

లైసెన్సు అక్కర్లేదంటే హద్దు లేదని కాదు. ఎఫ్‌సీసీ పార్ట్ 15 నియమాల ప్రకారం 2.4, 5.8 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్ళే పవర్ 1 వాట్, అంటే 30 డీబీఎం మించకూడదు. యాంటెన్నా కొత్తగా పవర్ పుట్టించదు. టార్చిలైటు బల్బు వెనక రేకులా, ఉన్నదాన్ని ఒక దిక్కుకి మళ్ళిస్తుంది. 6 డీబీఐ యాంటెన్నాతో కలిపి 36 డీబీఎం, అంటే 4 వాట్లతో సమానం. డెసిబెల్ లెక్కలో 3 కలిస్తే రెట్టింపు, 10 కలిస్తే పదిరెట్లు, అంతే.

ఒక టవర్ నుంచి చాలా ఇళ్ళకు పంచేటప్పుడు 5.8లో ఆ 4 వాట్లే గరిష్ఠం. యాంటెన్నా ఎంత పెద్దదైతే రేడియో పవర్ అంత తగ్గించాలి. ఒక చోటి నుంచి ఒకే చోటికి గురిపెట్టిన లింకుకి మాత్రం సడలింపు ఉంది. 2.4లో 6 దాటిన ప్రతి 3 డీబీకి 1 డీబీ తగ్గిస్తే చాలు. 24 డీబీఐ డిష్ పెడితే రేడియోకి 24 డీబీఎం, పావు వాట్ మిగులుతుంది. 5.8లో అసలు తగ్గించక్కర్లేదు. 1 వాట్ రేడియోకి 23 డీబీఐ డిష్ తగిలిస్తే గురిపెట్టిన దిక్కున 200 వాట్లతో సమానం!

ఇక దేశం మార్చే చిట్కా. బ్రిటన్‌లో 2.4కి హద్దు 100 మిల్లీవాట్లే, కాబట్టి మారిస్తే పెరుగుతుందన్న నమ్మకమూ లేదు. పైగా 5.6 నుంచి 5.65 గిగాహెర్ట్జ్ మధ్య విమానాశ్రయాల వాతావరణ రాడార్లు పనిచేస్తాయి. విమానం దిగేచోట గాలి ఒక్కసారిగా దిశ మారితే పసిగట్టేవి అవే. అందుకే ఆ బ్యాండులో రేడియో రాడార్‌ని గుర్తించి ఛానెల్ వదిలెయ్యాలని నియమం. తప్పుడు సెట్టింగుతో ఆ జాగ్రత్త ఆగిపోవచ్చు. ప్యూర్టోరికోలోని సాన్ హువాన్ రాడార్‌కి అడ్డుపడిన ఇంటర్నెట్ కంపెనీలకు ఎఫ్‌సీసీ జరిమానా నోటీసులిచ్చింది.

అసలు మావారికి చెప్పిందొకటే. మనకు వచ్చే డేటా టవర్ పంపేది, మన రేడియో అరిచినంత మాత్రాన టవర్ గొంతు పెరగదు. డిష్ పెద్దదైతే వినడమూ బాగుపడుతుంది, పవర్‌తో అది రాదు.

మర్నాడు డిష్ పక్కన నిలబడి చూస్తే టవర్‌కీ మాకూ మధ్య పెకాన్ చెట్టు, కొత్త ఆకులతో నిండుగా. 5.8 తరంగాలకు తడి ఆకులంటే గోడే. కంపెనీ కుర్రాడు వచ్చి డిష్‌ని గ్యారేజీ వైపు మూలకి మార్చాడు, పవర్ ముట్టుకోలేదు. చెట్టు కొట్టేద్దామన్న మాట మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.