లానియాకియా: మన గెలాక్సీ చిరునామా

ఎర్రుపాలెం: ఊళ్లు కలిస్తే మండలం, మండలాలు కలిస్తే జిల్లా. ఆకాశంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. నక్షత్రాల గుంపు గెలాక్సీ, గెలాక్సీల గుంపు క్లస్టర్, క్లస్టర్లు కలిస్తే సూపర్ క్లస్టర్.

మన పాలపుంత ఉన్న సూపర్ క్లస్టర్ పేరు లానియాకియా. 2014లో బ్రెంట్ టల్లీ బృందం దీని హద్దులు గుర్తించింది. వెడల్పు సుమారు 52 కోట్ల కాంతి సంవత్సరాలు, గెలాక్సీలు సుమారు లక్ష. 2017లో పుణె ఐయూకా, ఐసర్ శాస్త్రవేత్తలు మీనరాశి దిక్కున, 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మరొకటి కనుగొని 'సరస్వతి' అని పేరు పెట్టారు.

వీటిని పోగుచేసేది గురుత్వాకర్షణ. పదార్థం ఎక్కువున్న చోటికి చుట్టుపక్కల గెలాక్సీలు లాగబడతాయి. మరి ఈ బంధం ఎప్పటికీ నిలుస్తుందా? నిలవదు. విశ్వం విస్తరిస్తోంది, ఆ వేగం పెరుగుతోంది కూడా. దగ్గరున్నవే కలిసుంటాయి, దూరపువి విడిపోతాయి. లానియాకియా కూడా ఒకనాటికి చెదిరిపోతుంది.

మనతో ఉండిపోయేది పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా. దాన్ని 964లోనే అల్ సూఫీ తన గ్రంథంలో చిన్న మబ్బుగా నమోదు చేశారు. నవంబర్‌లో వెన్నెల లేని రాత్రి ఎనిమిదింటికి, వీధి లైట్లకు దూరంగా పొలం గట్టున నిలబడి, నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూడండి. పిల్లలకూ చూపించండి.