అత్తమ్మకు సముద్రం చూపెట్టిన సంక్రాంతి

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి బాగ పెడ్తున్నది. ఆ కట్టె ఇంకింత లోపలికి నూకు. మీ నాయిన వైజాగు టికెట్లు చూస్తున్నడని ఇన్న. సెలవులకు అందరు పోతరట. పోయేముందు మేం పోయిన ముచ్చట ఇనుండ్రి.

అది 1979 సంక్రాంతి. మీ తాత కాజీపేట లోకోషెడ్డుల ఫిట్టరు. రైల్వేల పనిచేసెటోళ్లకు ఏటా పాసులిస్తరు, టికెట్టు కర్సు ఉండది. మామ కాలం చేసిండు గనుక ఆ పాసుల మా అత్తమ్మ పేరు గూడ ఎక్కేది. అరవై ఏండ్లు దాటినయ్ ఆమెకు. ఏములవాడ, మేడారం, భద్రాచలం తప్ప ఇంకో ఊరు ఎరుగది. "అమ్మా, ఈసారి నీకు సముద్రం చూపెడ్త" అన్నడు తాత. "నీళ్లేగదరా, మనకు చెరువులు లేవా? సింహాచలం అప్పన్నను చూపెడ్తనంటె వస్త" అన్నది. రెండూ చూపెడ్తనని ఒప్పించిండు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ అప్పటికి కొత్తదే, 1974ల మొదలైంది. చీకటి పడ్డంక ఎక్కినం. సకినాలు, నువ్వుల ముద్దలు ఒక డబ్బల, పులిహోర ఇంకో గిన్నెల. నడిరాత్రి రాజమండ్రి వచ్చేసరికి బోగీ అంత లేసి కూసున్నది. రైలు బ్రిడ్జి ఎక్కంగనే కిటికీలల్లకెల్లి పైసలు ఇసురుడే. అత్తమ్మ కొంగున ముడేసుకున్న పావలా తీసి నీళ్లల్ల ఏసింది. "భద్రాచలంల చూసిన గోదారేనా ఇది?" అని అడిగింది. అవునంటె ఇంకోసారి మొక్కింది.

తెల్లారి దిగినం. స్టేషను పేరు అప్పట్ల వాల్తేరే. తాత దోస్తు ఒకాయన ఆడ రైల్వే కాలనీల ఉంటుండె, శ్రీకాకుళం దిక్కు మనిషి. ఆయన భార్య గేటు కాడికి ఎదురొచ్చి "రండి పిన్నిగారూ, రాత్రంతా కూకునే వచ్చీసినారేటి?" అనుకుంట అత్తమ్మ చేతిల మూట అందుకున్నది. ముందు ఏడినీళ్లు పెట్టింది, తర్వాతనే మాటలు.

పండుగ నాడు పొద్దుగాల్నే రామకృష్ణా బీచికి పోయినం. రామకృష్ణ మిషను ఆశ్రమం ఆడ ఉన్నందుకు ఆ పేరు. అత్తమ్మ ఇసుకల అడుగు పెట్టి నిలవడిపోయింది. శానసేపటికి, "పాకాల చెరువు మత్తడి దుంకినా అవతలి ఒడ్డు కనవడ్తది. దీనికి అవతలి ఒడ్డే లేదుగదా" అన్నది. పసుపు కుంకుమ నీళ్లల్ల ఇడిచి, ఒక చెయ్యి నాకు, ఒక చెయ్యి మీ నాయినకు ఇచ్చి దిగింది. అల ఎనుకకు పోంగ పాదాల కింద ఇసుక గుంజుకపోతది, అప్పుడు మా చేతులు ఇంకింత గట్టిగ పడుతుండె. దోసిట్ల నీళ్లు తీసుకోని నాలుకకు అద్దుకున్నది. "ఉప్పే! నిజంగ ఉప్పే!" అని అందరికి చెప్పింది. ఆ మొకంల సంబురం నాకు ఇయ్యాల్టికీ కండ్లల్లనే ఉన్నది.

ఇంకో దినం పాతూరు దిక్కు పోయినం. ఆడ మూడు కొండలు పక్కపక్కపొంటి ఉంటయ్. ఒకదాని మీద మేరిమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద ఎంకటేశ్వరస్వామి. అత్తమ్మ మూడింటికీ మొక్కింది. మేరిమాత కొండ మీద కూసుంటె ఎదురుంగ డాల్ఫిన్ నోస్ కొండ, నడుమ ఓడలు లోపలికొచ్చే సన్నటి కాలువ. అత్తమ్మకు కాళ్లు గుంజుతున్నయని కూసున్నం గని, కూసున్నందుకే ఓడ వచ్చుడు చూసినం. ముందొక టగ్గు, ఎనుకొక టగ్గు, నడుమ మూడంతస్తుల ఇల్లంత ఇనుము మెల్లగ జరుగుతున్నది. డెక్కు మీది మనుషులు చెయ్యి ఊపితే మీ నాయిన ఎగిరెగిరి చెయ్యి ఊపిండు.

ఆడనే తాత చెప్పిండు. 1933ల ఈ రేవు తెరిచిన్రట. 1948ల నెహ్రూ వచ్చి ఇక్కడి ఓడల కార్ఖానల కట్టిన 'జల ఉష'ను నీళ్లల్లకు దింపిండట. బైలడిల్ల నుంచి ఇనుప రాయి కొండలల్ల సొరంగాలు దాటుకోని రైలు మీద వస్తది, ఓడల జపానుకు పోతది. రైల్వే మనిషి గద, ఓడల కంటె వ్యాగన్లనే ఎక్కువ చూసిండు.

రాత్రి ఆ ఇంటామె యుద్ధం ముచ్చట్లు తీసింది. 1942 ఏప్రిల్ 6న జపానోళ్ల ఇమానాలు విశాఖ మీద బాంబులేస్తే, జనం మూటలు కట్టుకోని పల్లెలకు పోయిన్రట. 1971 డిసెంబరుల, యుద్ధం షురువైన రాత్రే, ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి ఈ రేవు బయటనే మునిగింది. సముద్రం ఒడ్డున బతుకుడంటె గాలివాననే గాదు, గిసొంటియి గూడ ఉంటయని అప్పుడు తెలిసింది.

మాటిచ్చినట్టె అత్తమ్మను సింహాచలం గూడ తీస్కపోయినం. ఆడ స్వామి ఏడాదంత చందనం కిందనే ఉంటడు. అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూపం. శ్రీకృష్ణదేవరాయలు కళింగ మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఈ గుడికి ఇచ్చిన కానుకల సంగతి రాళ్ల మీద చెక్కి ఉన్నది. అత్తమ్మ కప్పస్తంభం కావలించుకోని కండ్లు మూసుకున్నది. ఏం కోరుకున్నవ్ అంటె చెప్పలే.

అన్నిటికంటె భీమిలి నా మనసుల నిలిచింది. డచ్చోళ్లు యాపారం చేసిన ఊరు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నయ్, రాళ్ల మీద వాళ్ల రాతలు చెక్కి ఉంటయ్. 1861ల్నే మున్సిపాలిటీ అయ్యిందట. బొర్రా గుహల దిక్కు నుంచి పారొచ్చే గోస్తని ఆడనే సముద్రంల కలుస్తది. మరోచరిత్ర సినిమా ముందటేడే వచ్చింది, ఆడ తీసినదే. నేను ఆ జాగలను ఎతుకుతుంటె అత్తమ్మ మాత్రం జాలర్ల కాడ కూసున్నది. తెప్పల మీద పోయి వల ఏసొచ్చిన్రు. ఇటు పదిమంది, అటు పదిమంది మోకు పట్టుకోని ఒక్క గొంతుతోని పదం పాడుకుంట గుంజుతున్నరు. పొద్దెక్కేదాక గుంజితే వల ఒడ్డుకొచ్చింది. అడుగున నెత్తళ్లు తెల్లగ తపతప కొట్టుకుంటున్నయ్. ఒక ముసలామె పంచుతుంటె అత్తమ్మ అడిగింది, "మోకు పట్టినోళ్లందరికి పాలు ఉంటదా?" "పట్టినోళ్లందరికీ ఉంటాదమ్మా" అన్నదామె. మా అత్తమ్మకు ఆ మాట శాన నచ్చింది.

సాయంత్రం జట్కా కట్టించుకోని ఎర్రమట్టి దిబ్బలకు పోయినం. ఏల ఏండ్ల సంది గాలి, నీళ్లు కలిసి పేర్చినయ్ అవి, వాన కోసిన కందకాలు నడుమ నుంచి పోతయ్. ఇప్పుడు దాన్ని జాతీయ భూవారసత్వ సంపద అంటున్నరు. మీరు పోతే పైకెక్కి తొక్కి చెరపకుండ్రి.

అటెనుక కొన్నేండ్లకు అత్తమ్మ మోకాళ్లు పట్టుకపోయినయ్, గడప దాటుడే కష్టమైంది. మంచంల పండుకోని గూడ వచ్చినోళ్లకందరికి సముద్రం ముచ్చటే చెప్పేది.

ఇప్పుడు విశాఖ నుంచి భీమిలి దాక సముద్రం పక్కపొంటే రోడ్డున్నది. రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం దారిలనే తగుల్తయ్. బీచి కాడ కుర్సురా జలాంతర్గామి లోపలికి పోయి చూడొచ్చు. అన్నీ చూడుండ్రి. కని ఒక్కదినంల పది జాగలు తిరిగి ఉరుకొద్దు. ఒక్కకాడ అర్ధపూట కూసుంటె ఓడ లోపలికొచ్చుడు, వల ఒడ్డుకొచ్చుడు కనవడ్తది.

ఇంకో మాట. మీ అమ్మ తల్లి ఊర్ల ఒక్కతే ఉన్నది, ఆమె గూడ సముద్రం చూడలే. కాళ్లల్ల సత్తువ ఉన్నప్పుడే తీసుకపోవాలె. మీ నాయినకు చెప్పుండ్రి, ఆమెకు గూడ ఒక టికెట్టు తియ్యుమని.