జనవరి 1 కానుకలు

కొత్త సంవత్సరానికి ఎవరికేమివ్వాలన్న చింత ఇవాళ పుట్టింది కాదండీ. రోములో క్రీ.పూ. 153 నుంచి కాన్సల్ అనే పెద్ద అధికారులు జనవరి 1న పదవిలోకి వచ్చేవారు. ఆనాడు జనం ఒకరికొకరు ఖర్జూరాలు, అంజూర పళ్ళు, తేనె ఇచ్చుకునేవారు, ఏడాదంతా తీపిగా సాగాలని. ఆ కానుకను ‘స్ట్రేనా’ అనేవారు. ఫ్రెంచివారి ‘ఎత్రెన్’ అందులోంచి వచ్చిన మాటే.

తీపితో ఆగితే బాగుండును. నాణేలు వచ్చి చేరాయి. తేనెకంటే డబ్బే తియ్యన అయిందని ఓవిడ్ కవి ఎత్తిపొడిచాడు కూడా. అగస్టస్ చక్రవర్తి తనకొచ్చిన నాణేలతో దేవతా విగ్రహాలు కొని వీధుల్లో పెట్టించాడు. కాలిగులా మాత్రం కానుకలు పుచ్చుకుంటానని చాటించి, జనవరి 1న వాకిట్లో నిలబడి మరీ దండుకున్నాడు, రాజ్యమేలేవాడై ఉండి! మీకు సంక్రాంతి అల్లుళ్ళెవరైనా గుర్తొస్తే నన్ననకండి.

ఇంకో ఆచారం నాకు బాగా నచ్చింది. ఆ రోజున ఎవరి పని వారు కాస్తయినా ముట్టుకునేవారు. కోర్టులు సైతం తెరిచేవారు. మొదటిరోజు సోమరిగా గడిస్తే ఏడాదంతా అంతేనని భయం. ఉగాదినాడు చేసిందే ఏడాదంతా చేస్తామని మనమూ అంటాం, పిల్లలు ఏడుస్తుంటే మరీనూ. ఆ లెక్కన ఇల్లాలికి ఏడాదంతా వంటిల్లే గదా! చీరకు బదులు ఆ పొద్దున ఓ గంట పొయ్యి దగ్గర ఇంకెవరైనా నిలబడితే, ప్రైవేటుగా కట్టాలనుకున్న పరీక్ష పుస్తకం ఆవిడా తెరుస్తుంది.