ఖేర్సన్ వంతెన

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. ఆ యుద్ధవార్తల్లో వినే ఊళ్లను నేను అట్లాసులో వెతుకుతుంటాను. వాటిలో ఖేర్సన్ కథ నాకు బాగా గుర్తుండిపోయింది. నీపర్ నదికి పడమటి ఒడ్డునున్న ఈ నగరం మార్చి మొదట్లోనే రష్యా చేతికి పోయింది. నగరాన్ని గెలవాలంటే వీధివీధినా పోరాడాలి అనుకునేవాణ్ణి. ఉక్రెయిన్ వాళ్లు మాత్రం జులై నుంచి ఆంటోనివ్కా వంతెనని రాకెట్లతో కొట్టారు. వంతెన పాడైతే తిండి, డీజిలు, ఫిరంగి గుండ్లు ఎట్లా వస్తాయి? పడవలూ పంట్లూ ఎన్నని మోస్తాయి? నవంబరు 11కల్లా రష్యా సైన్యం నది దాటి వెళ్లిపోయింది. జనం ఏడుస్తూ తమ సైనికుల్ని కావలించుకున్నారు. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నా. కానీ ఫిరంగులు అవతలి ఒడ్డుకే కదా పోయినాయి! అక్కణ్ణించి ఖేర్సన్ ఇళ్లమీద గుండ్లు పడుతూనే వచ్చాయి.