పుట్టుక, పక్షం: తొలినాటి కాన్సాస్ ప్లీడర్లు

ఒక మనిషి ఏ ఇంట్లో పుట్టాడో తెలిస్తే అతను ఏ పక్షాన నిలబడతాడో తెలిసిపోతుందనే నమ్మకం మన విమర్శలో ఇంకా బలంగానే ఉంది. పేదరైతు కొడుకును కథానాయకుణ్ణి చేస్తే చాలు, కథకు వర్గదృష్టి దానంతటదే వచ్చేస్తుందనుకునే రచయితలున్నారు. దీనికి ఎదురుగా, చదువుకున్నవాడెవడైనా చివరికి పాలకవర్గంలో కలిసిపోతాడని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు తీర్పులూ ఎంతవరకు నిలుస్తాయో పరీక్షించడానికి నేను మనకు చాలా దూరపు ఉదాహరణను ఎంచుకున్నాను. అమెరికా నడిమధ్యలో ఉన్న కాన్సాస్ రాష్ట్రంలో, 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో న్యాయశాస్త్రం చదివి బయటికొచ్చిన యువతీ యువకుల జీవితాలు అవి. దూరంగా ఉండటం వల్ల ఒక మేలుంది. మనవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అడ్డొచ్చే మొహమాటాలు ఇక్కడ అడ్డురావు.

ముందు ఆ నేల సంగతి చూడాలి. 1854లో కాన్సాస్‌ను ప్రత్యేక ప్రాంతంగా ఏర్పరిచిన చట్టం, అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్నది వలస వచ్చినవాళ్లే తేల్చుకోవాలంది. ఆ తేల్చుకోవడం ఓట్లతోపాటు తుపాకులతోనూ జరిగింది. బానిసత్వ వ్యతిరేకులు కట్టుకున్న లారెన్స్ పట్టణాన్ని 1856లో దోచారు. 1863లో మళ్లీ దాడిచేసి సుమారు 150 మంది మగవాళ్లను చంపి ఊరు తగలబెట్టారు. మధ్యలో 1861లో కాన్సాస్ బానిసత్వం లేని రాష్ట్రంగా యూనియన్‌లో చేరింది. తన పుట్టుకలోనే న్యాయముందని చెప్పుకోగల రాష్ట్రం అది. కాని అదే నేలమీది ఆదివాసులు, ఆ రాష్ట్రానికే పేరిచ్చిన కా తెగవాళ్లు, 1873లో తమ ఆఖరి భూమి వదిలి దక్షిణానికి పోవలసివచ్చింది. ఖాళీ అయిన నేల 1862 నాటి చట్టం కింద 160 ఎకరాల చొప్పున సెటిలర్లకు దక్కింది. రైలు కంపెనీలకు అంతకంటె ఎన్నో రెట్లు దక్కింది. శాంటాఫే కంపెనీ ఒక్కదానికే కాన్సాస్‌లో సుమారు 30 లక్షల ఎకరాలు ముట్టాయి.

ఆదివాసితో ఒడంబడిక ఒక కాగితం. సెటిలరు పట్టా రెండో కాగితం. ఆ పట్టాను తూర్పు నగరాల వడ్డీ కంపెనీ దగ్గర పెట్టి తెచ్చుకున్న అప్పుకు రాసిన తాకట్టు మూడో కాగితం. ఈ మూడు కాగితాల మీదా ప్లీడరు చెయ్యి పడకుండా పని జరగదు. కాన్సాస్‌లో న్యాయవిద్యకు గిరాకీ పుట్టింది ఇక్కడే.

లారెన్స్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయం 1866లో తెరిచారు. అందులో న్యాయశాస్త్ర శాఖ 1878లో మొదలైంది. జేమ్స్ వుడ్స్ గ్రీన్ ఆనాటి నుంచి 1919లో చనిపోయేదాకా, 41 ఏళ్లు, దానికి అధిపతి. విద్యార్థులు ఆయన్ని ‘అంకుల్ జిమ్మీ’ అని పిలుచుకున్నారు. చదువు మొదట్లో రెండేళ్లే. ముందుగా ఒక డిగ్రీ ఉండాలన్న నియమం ఆ రోజుల్లో అమెరికా న్యాయ కళాశాలలు చాలావాటిలో లేదు. అందుకే ఈ తరగతుల్లోకి రైతుల పిల్లలు రాగలిగారు. ఇలినాయ్, ఇండియానా, ఒహాయో లాంటి రాష్ట్రాలలో పుట్టి, తల్లిదండ్రుల బండ్లలో పడమటికి వచ్చి, కొన్నాళ్లు పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పి, ఆ జీతం కూడబెట్టి ఫీజు కట్టుకున్నవాళ్లు అప్పటి పడమటి కళాశాలల్లో సర్వసాధారణం. అదీ కుదరనివాళ్లకు పాతదారి ఉంది. ఏదో ఒక ప్లీడరు ఆఫీసులో చేరి, కాగితాలకు నకళ్లు రాస్తూ, ఖాళీ దొరికినప్పుడు ఆయన పుస్తకాలు చదువుకుని, పరీక్షకు నిలబడితే బారులో చేర్చుకునేవారు.

గ్రీన్ విగ్రహం 1924 నుంచి ఆ విశ్వవిద్యాలయంలో ఉంది. వాషింగ్టన్‌లోని లింకన్ విగ్రహం చెక్కిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచే దీన్నీ చెక్కాడు. గురువు పక్కన ఫుట్‌బాల్ దుస్తుల్లో ఒక శిష్యుడు నిలబడి ఉంటాడు. గురుశిష్యుల ఆప్యాయతను నేను కాదనను. అయితే పట్టా పుచ్చుకున్న ఆ శిష్యుడు ఊరికి వెళ్లి ఏం పనిచేసి బతికాడన్న ప్రశ్నకు విగ్రహం జవాబు చెప్పదు. దానికి జవాబు కోర్టు రికార్డుల్లో వెతకాలి.

1887 ప్రాంతంలో వానలు మొహం చాటేశాయి, భూముల ధరలు కుప్పకూలాయి. 1889 నుంచి 1893 దాకా కాన్సాస్‌లో 11,000కు పైగా పొలాలు తాకట్టు అప్పుల కింద జప్తయ్యాయి. ప్రతి జప్తుకూ ఒక దావా ఉంది, ప్రతి దావాకూ ఒక ప్లీడరున్నాడు. రైతు తన కొడుకును ప్లీడరు చదివించింది తాను అప్పుల్లో ఉన్నందుకే. ఆ కొడుక్కు దొరికిన తొలి పని పొరుగు రైతు పొలాన్ని అప్పుల కింద వేలం వేయించడం కావచ్చు. వృత్తిలోనే ఉన్న వైరుధ్యం ఇది. దీన్ని వ్యక్తి మంచి చెడ్డల కింద తోసేస్తే మనకేమీ అర్థం కాదు.

ఆ సంక్షోభంలోంచే పాపులిస్టు ఉద్యమం లేచింది. అదీ ప్లీడర్లు లేకుండా నడవలేదు. 1896 ఎన్నికలలో గెలిచి రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన ఫ్రాంక్ డోస్టర్, ఆస్తి సొంతదారు హక్కు కంటె దాన్ని వాడుకునేవాడి హక్కే పెద్దదని బహిరంగంగా వాదించినవాడు. అదే ఏడు ఎంపోరియా పత్రికా సంపాదకుడు విలియం అలెన్ వైట్, కాన్సాస్‌కు ఏం రోగమొచ్చిందని అడుగుతూ రాసిన సంపాదకీయంలో డోస్టర్‌ను పిచ్చివాడి కింద జమకట్టాడు. పాపులిస్టులు అటార్నీ జనరల్ పదవికి నిలబెట్టిన యువకుణ్ణి, చేతిలో కేసుల్లేని కుర్రాడని వెక్కిరించాడు. ఆ వెక్కిరింత వెనక ఒక కొలబద్ద ఉంది. రైలు కంపెనీ, బ్యాంకు కేసులివ్వని ప్లీడరు ప్లీడరే కాదన్నమాట! ఆ సంపాదకీయం దేశమంతటా అచ్చయి వైట్‌కు పేరు తెచ్చింది. కాని కాన్సాస్ ఓటర్లు ఆ ఏడు పాపులిస్టులనే గెలిపించారు.

ఇక పుట్టుక, పక్షం సంగతి. విలియం బోరా ఇలినాయ్ రైతుబిడ్డ. 1885లో లారెన్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు. క్షయ వచ్చి చదువు ఆపేశాడు. లయన్స్ అనే ఊళ్లో బావగారి ఆఫీసులో న్యాయశాస్త్రం చదువుకుని 1887లో బారులో చేరాడు. సానుభూతితో చదవవలసిన కథ ఇది. తర్వాత ఐడహోకు వలసపోయి పేరున్న ప్లీడరయ్యాడు. 1907లో గని కార్మిక నాయకుడు బిల్ హేవుడ్‌ను ఉరికంబం ఎక్కించాలని ప్రాసిక్యూషన్ పక్షాన వాదించినవాడు ఈ బోరాయే. హేవుడ్ పక్షాన క్లారెన్స్ డారో నిలబడ్డాడు. జ్యూరీ హేవుడ్‌ను వదిలిపెట్టింది. అదే కాన్సాస్‌లోని గిరార్డ్ నుంచి వెలువడే సోషలిస్టు పత్రిక ‘అప్పీల్ టు రీజన్’ హేవుడ్ కోసం దేశమంతటా గొంతెత్తింది. ఒకే నేల రెండు పక్షాలనూ కన్నది.

చార్లెస్ కర్టిస్ కథ ఇంకా చేదు. 1860లో టొపీకా దగ్గర పుట్టాడు. తల్లివైపు వాళ్లు కా తెగవాళ్లు. చిన్నతనంలో కొంతకాలం కా రిజర్వేషన్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. టొపీకాలో అద్దె గుర్రబ్బండి తోలుతూ, ఒక ప్లీడరు ఆఫీసులో చదువుకుంటూ 1881లో బారులో చేరాడు. 1892లో కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. 1898లో ఆయన పేరు మీదే వచ్చిన చట్టం ఓక్లహోమా ప్రాంతపు ఆదివాసుల కోర్టులను రద్దుచేసింది, ఉమ్మడి భూములను వ్యక్తుల పేర పంచే దారి తెరిచింది. 1902లో మరో చట్టం సొంత కా తెగనే చట్టబద్ధమైన సమూహంగా లేకుండా చేసింది. ఆ పంపకంలో ఆయనకూ ఆయన పిల్లలకూ వాటా వచ్చింది. 1929లో ఆయన దేశానికి ఉపాధ్యక్షుడయ్యాడు. కిందనుంచి పైకొచ్చిన మనిషి కథ అని దీన్ని బడిపిల్లలకు చెప్పవచ్చు. పైకొచ్చేటప్పుడు కాళ్లకింద ఏం తొక్కాడన్నది మనం అడగాలి.

ఇంతవరకు చదివి ‘చూశారా, చదువు మనిషిని అమ్మేస్తుంది’ అని రెండో తీర్పువైపు తిరిగేవాళ్లు కాస్త ఆగాలి. మేరీ ఎలిజబెత్ లీజ్ ఐరిష్ వలసదారుల బిడ్డ. భర్తతో కలిసి కాన్సాస్‌లో వ్యవసాయం చేసి నష్టపోయి, విచిటాలో డబ్బుకు ఊరివాళ్ల బట్టలు ఉతికింది. ఉతికేచోట గోడకు న్యాయశాస్త్రం నోట్సు గుచ్చి పెట్టుకుని చదివిందంటారు. 1880లలో బారులో చేరింది. 1890 ఎన్నికల్లో అప్పుల్లో మునిగిన రైతుల కోసం ఊరూరా తిరిగి నూటయాభైకి పైగా ఉపన్యాసాలిచ్చింది. చట్టం తెలిసిన నోరు రైతు పక్షాన పలికితే ఎంత బలముంటుందో ఆమె చూపించింది. అయితే ఆమెనూ దేవతను చెయ్యనక్కర్లేదు. 1895లో ఆమె అచ్చువేసిన పుస్తకంలో ఉష్ణమండల దేశాలను తెల్లవాళ్లు ఆక్రమించి, నల్లవాళ్ల చేతా ఆసియావాళ్ల చేతా సేద్యం చేయించాలన్న పథకం ఉంది. అందులో మనమూ కూలీలమే! సొంత వర్గపు కష్టం తెలిసినంత మాత్రాన పరాయి జాతి కష్టం తెలుస్తుందని లేదు.

నల్లజాతివారి విషయంలో చట్టం చేసిన పని ఇంకా సూటిగా కనిపిస్తుంది. దక్షిణాది నుంచి వేలాది మంది విముక్త బానిసలు 1879లో కాన్సాస్‌కు తరలివచ్చారు. పెద్ద పట్టణాల్లో ప్రాథమిక పాఠశాలలను జాతులవారీగా విడదీయవచ్చని రాష్ట్రం చట్టం చేసింది కూడా 1879లోనే. ఈ రెంటి మధ్య పెరిగిన పిల్ల లూటీ లైటిల్. తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు. తండ్రి టొపీకాలో మంగలి, పాపులిస్టు. ఆమె 1897లో టెనెసీలోని నల్లజాతి కళాశాలలో న్యాయపట్టా పుచ్చుకుని అక్కడ బారులో చేరింది. తిరిగివచ్చి కాన్సాస్ బారులో చేరిన తొలి నల్లజాతి స్త్రీ అయింది. మరుసటి ఏడు తాను చదివిన కళాశాలలోనే న్యాయశాస్త్రం బోధించింది.

సాహిత్య విద్యార్థులు తప్పక గుర్తుపెట్టుకోవలసిన కుటుంబం మరొకటుంది. లాంగ్‌స్టన్ హ్యూస్ బాల్యం లారెన్స్‌లో, ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే, అమ్మమ్మ దగ్గర గడిచింది. 1930లో వచ్చిన ఆయన నవల ‘నాట్ వితౌట్ లాఫ్టర్’కు ఆ ఊరే ఆధారం. తాత చార్లెస్ లాంగ్‌స్టన్, పారిపోయి వచ్చిన ఒక బానిసను విడిపించినందుకు 1859లో ఒహాయోలో శిక్షపడిన మనిషి. తండ్రి న్యాయశాస్త్రం చదివాడు. నల్లవాడైనందుకు ఓక్లహోమా ప్రాంతంలో బారు పరీక్షకే కూర్చోనివ్వలేదు. ఆయన దేశం వదిలి మెక్సికో వెళ్లిపోయాడు, డబ్బు సంపాదించాడు, తన జాతినే ఈసడించుకునే మనిషిగా మిగిలాడు. కొడుకు ఆ జాతి బతుకునే రాశాడు. తలుపు మూసిన చట్టం తండ్రినీ కొడుకునూ రెండు దిక్కులకు నెట్టింది.

టొపీకాలో టెనెసీ టౌన్ అనే పేదపేటలో పెరిగిన ఎలైషా స్కాట్ 1916లో వాష్‌బర్న్ కళాశాల నుంచి న్యాయపట్టా పొందాడు. 1949లో జాన్సన్ కౌంటీలోని ఒక బడి నల్లపిల్లలను చేర్చుకోవలసిందేనన్న తీర్పు రాష్ట్ర సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. పిల్లల తరఫు ప్లీడరు ఆయనే. ఆయన కొడుకులు జాన్, చార్లెస్ కూడా వాష్‌బర్న్‌లోనే చదివి, 1951లో చార్లెస్ బ్లెడ్‌సోతో కలిసి టొపీకా పాఠశాలల బోర్డు మీద దావా వేశారు. 1954 మే 17న బ్రౌన్ కేసు పేరుతో ఆ దేశపు చరిత్రలో నిలిచిన తీర్పు ఆ దావా మీదిదే. 1879 నాటి చట్టాన్ని కూల్చడానికి 75 ఏళ్లూ, రెండు తరాల ప్లీడర్లూ పట్టారు.

స్కాట్‌కూ కర్టిస్‌కూ తేడా ఎక్కడుంది? ఇద్దరూ టొపీకా వాళ్లే, ఇద్దరూ కిందినుంచి వచ్చినవాళ్లే. నాకు కనిపించిన తేడా ఇది. కర్టిస్ చదువుతో తనవాళ్లలోంచి బయటికి నడిచాడు. ఆయన్ని పైకి మోసింది పార్టీ యంత్రాంగం. స్కాట్ కుటుంబానికి కేసులిచ్చినవాళ్లు ఆ పేటవాళ్లే, ఆ జాతివాళ్లే. వాళ్ల వెనక ఒక సంఘటిత ఉద్యమం ఉంది. ప్లీడరు పక్షాన్ని అతని పుట్టుక కంటె అతని కక్షిదారు ఎక్కువగా నిర్ణయిస్తాడు. కక్షిదారులు సంఘటితమైతే ప్లీడరుకు వెనక్కి జారే దారి మూసుకుపోతుంది.

ఈ సంగతి కాన్సాస్ సోషలిస్టులు గ్రహించారనడానికి ఒక గుర్తుంది. 1914 ప్రాంతంలో ఫోర్ట్ స్కాట్‌లో పీపుల్స్ కాలేజీ అనే సంస్థ పెట్టి, పనివాళ్లకు పోస్టు ద్వారా న్యాయశాస్త్రం నేర్పారు. యూజీన్ డెబ్స్ దానికి ఛాన్సలరు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు వేటలో అది బతకలేదు. కాని దాని అధ్యక్షుడు ఆర్థర్ లీసూర్ ఇంట్లో పెరిగిన మెరిడెల్ లీసూర్, తర్వాత కరువు రోజుల్లో పనిలేని ఆడవాళ్ల బతుకులను రాసిన అభ్యుదయ రచయిత్రి అయింది.

కథలో ప్లీడరు పాత్రను సృష్టించబోయే రచయితకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. అతని తండ్రికి ఎన్నెకరాలో రాయండి, ఫీజు ఎలా కట్టాడో రాయండి. అంతటితో ఆపకండి. పట్టా చేతికొచ్చాక అతని గుమ్మం ముందు కూర్చున్న తొలి కక్షిదారు ఎవరో, ఆ ఫీజు ఎవరి జేబులోంచి వచ్చిందో కూడా రాయండి. పాత్ర ఎటు నడుస్తుందో పాఠకుడికి అక్కడే అర్థమవుతుంది.